బానెట్‌లో కనబడిన చూరు

మార్చి 14, ఆదివారం. స్థలం: చింతామణి, మా పెరట్లోని రేకుల షెడ్డు. హాజరైనవారు: నేను, నా భార్య సుభద్రమ్మ, ఫోనులో పెయింటరు బాషా, మా వియ్యంకుడి నల్ల కారు.

నా డైరీలో ఆనాటి పేజీ ఇలా మొదలవుతుంది. ఇంత పద్ధతిగా మొదలైన రోజు ఎంత అప్రతిష్ఠగా ముగిసిందో చెబుతాను. నవ్వండి, తప్పులేదు. అయితే నేను ముప్ఫై ఏళ్లు తాలూకా కచేరీలో సర్వేయరునని, గట్టు తిన్నగా ఉందో వంకరగా ఉందో తేల్చడమే నా ఉద్యోగమని గుర్తుపెట్టుకుని నవ్వండి.

మా కోడలి తండ్రి రంగయ్యది బాగేపల్లిలో కిరాణా అంగడి. కూతురిని మా ఇంటికి పంపేటప్పుడు ఆయన రెండు మాటలు చెప్పాడు. చిక్కబళ్లాపురంలో గృహప్రవేశానికని నేను కారు అడిగితే, తాళం చేతికిచ్చే ముందు అరగంట చెప్పాడు. ఆ అరగంటా శ్రద్ధగా విని, తిరిగొస్తూ కారును మా గేటుకే గీకించాను. వియ్యంకుడి చెవిన పడకుండా బానెట్‌కు బాషా చేత రంగు వేయించాను. రంగు కలిసింది కానీ పైన కమలాపండు తొక్కలా బుడిపెలు తేలాయి. ఆదివారం వచ్చి నున్నగా చేస్తానన్న బాషా రాలేదు. రంగయ్యేమో కారు తీసుకెళ్లడానికి సోమవారం పొద్దున్నే వస్తానన్నాడు.

"బాషా, యాడుండావప్పా?"

"మురుగమల్ల దర్గాలో సార్, మొక్కు తీర్చను వచ్చినాం. రేపు మధ్యాహ్నం వస్తా."

"అంతలోపల మా వియ్యంకుడు వస్తాడప్పా! ఎట్ల చేయాలో చెప్పు, నేనే చేస్తా."

"నీళ్లు పోసి సన్న ఉప్పుకాగితంతో, అదే శాండ్‌పేపరుతో, మెల్లగా రుద్దండి. తర్వాత పాలిష్ పట్టి, దాంట్లో ట్యూబ్‌లైటు నీడ చూడండి. గీత తిన్నగా కనబడితే ఆపేయండి. పై పొర శానా పల్చన సార్, జాస్తి రుద్దితే అడుగున బూడిద రంగు బయటికొస్తుంది."

కరెంటు లేదు. ట్యూబ్‌లైటు వెలగదు. అయితే సర్వేయరుకు గీతలకు కరువా? కారు ముందద్దం దగ్గర నిలబడి చూస్తే, బానెట్‌లో షెడ్డు ముందరి చూరు అంచు స్పష్టంగా కనబడుతోంది. ఒకప్పుడు పట్టుపురుగులు పెంచడానికి నేనే దగ్గరుండి వేయించిన కప్పు. నేను వేయించిన చూరు తిన్నగా కాక ఎలా ఉంటుంది?

మొదటిసారి రుద్ది, పాలిష్ పట్టాను. చేతికి పట్టుచీరలా తగిలింది. కంటికి మాత్రం అంచు అలలు అలలుగా కనబడింది. రెండోసారి రుద్దాను. అలలు. మూడోసారి స్కేలు పెట్టి కొలిచి డైరీలో రాశాను: "అలలన్నీ ఒకే కొలత. కారణం తెలియడం లేదు." తప్పును కూడా ఇంత సమానంగా చేసిన బాషా పనితనాన్ని మనసులో మెచ్చుకున్నాను కూడా!

సుభద్రమ్మ కాఫీ తెచ్చింది. "పొద్దున్నుంచి రుద్దుతానే ఉండారు. నా వీపు నొప్పికి ఒక్కనాడన్నా ఇట్లా రుద్దింటే ఎప్పుడో బాగయ్యేది."

"వంకర పోలేదే!"

"చెయ్యి పెడితే నున్నగానే ఉండాది కదా?"

"కంటికి వంకరగా ఉండాది."

"అయితే కళ్లద్దాలు తీసి చూడండి."

తీశాను. అలలు పోయాయి. బానెట్ కూడా పోయింది. మళ్లీ పెట్టుకున్నాను. రెండూ వచ్చాయి.

చేతిని నమ్మాలా, కంటిని నమ్మాలా? తెలియక బాషాకే ఫోను చేశాను.

"ఎన్నిసార్లు రుద్దినారు సార్?"

డైరీ చూసి, "ఆరోది నడస్తాండాది" అన్నాను.

"ఆరా! యా అల్లా! చెయ్యి తీయండి సార్!"

తీశాను. చెయ్యి ఉన్నచోట అరచేతంత బూడిద మచ్చ నన్నే చూస్తోంది.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకే రంగయ్య దిగాడు. అబద్ధం చెబితే నా నాలుక తడబడుతుంది. అందుకని డైరీ తెరిచి, గేటు మొదలుకొని మచ్చదాకా మొత్తం చదివి వినిపించాను. ఆయన కారు చుట్టూ తిరిగి, నేను నిలబడిన చోటే నిలబడ్డాడు. బానెట్‌లోకి చూశాడు. తర్వాత పైకి చూశాడు.

"బావా, ఒక్కసారి తలెత్తు."

ఎత్తాను. రేకు అంచు. అల, పక్కన ఇంకో అల, దాని పక్కన మరోటి. అన్నీ ఒకే కొలత.

రంగయ్య నవ్వి నవ్వి బానెట్ మీదే వాలిపోయాడు. కళ్లు తుడుచుకుని, గొంతు తగ్గించి అన్నాడు: "గేటుకు తగిలిన దినమే చెప్పింటే అయిపోయేది కదా బావా? కొన్న వారంలోనే నేను వెనక డోరును మా అంగడి గోడకు గీకినా. రంగేసింది కూడా బాషానే. మీ చెల్లెలికి ఇంకా తెలీదు, చెప్పొద్దు."

ఆ అరగంట హితబోధ ఎవరి అనుభవంలోంచి వచ్చిందో అప్పుడు తెలిసింది.

అక్కడికక్కడే డైరీలో ప్రతిజ్ఞ రాశాను: "ఇకమీదట నీడలో ఏ వంకర కనబడినా, ముందు తలెత్తి అసలును చూస్తాను. ఉప్పుకాగితం ఈ జన్మలో ముట్టను. ఎవరి కారూ, ఎవరి వస్తువూ రుద్దను." సాక్షులుగా ఇద్దరినీ సంతకం పెట్టమన్నాను. రంగయ్య పెట్టాడు. సుభద్రమ్మ రెండుసార్లు చదివి, సంతకం పైన ఒక వాక్యం చేర్చింది:

"వీపుకు ఈ ప్రతిజ్ఞ వర్తించదు."