తెర మీద మా క్వార్టరు నంబరు

మా కంపెనీ కాలనీలో కళాకేంద్రం అని ఒక హాలు ఉండేది. పేరు పెద్దది, హాలు చిన్నది. పైన రేకులు, ముందు నాటకాలాడే అరుగు, వెనక గోడలో సినిమా మిషను పెట్టే కిటికీ. ఆదివారం సాయంత్రం సినిమా వేసేవాళ్లు. ఆడవాళ్లం ఎడమ పక్క, మగవాళ్లు కుడి పక్క. కరెంటు తయారుచేసే కంపెనీ కదా, సినిమా మధ్యలో కరెంటు పోదని అందరూ గొప్పగా చెప్పుకునేవాళ్లు. పోయేది.

మేము ఆ కాలనీకి వచ్చి అప్పటికి ఏడాది కాలేదు. అంతకుముందు మాది బూర్గంపాడు అవతల, అడవి అంచున ఒక తండా. మా ఆయనకు బూడిద సెక్షన్లో హెల్పరు పని దొరికింది. బొగ్గు కాలాక బాయిలరు కింద మిగిలిన బూడిదను నీళ్లతో తోసి బయటికి పంపించే పని. డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి కనురెప్పలు కూడా తెల్లగా ఉండేవి. మొదటి రోజు చూసి నేను గుమ్మంలోనే ఆపి, బయట నీళ్లు పోసి, తర్వాత లోపలికి రానిచ్చాను. అప్పటినుంచీ అదే పద్ధతి.

ఆ హాల్లో ఒక అలవాటు ఉండేది. ప్లాంటులో ఏదైనా చెడిపోతే, సినిమా చూస్తున్న పనివాళ్లను తెర మీదే పిలిచేవాళ్లు. మిషను నడిపే అతను గాజు ముక్కకు మసి పూసి, దాని మీద పుల్లతో గీకి, దీపం ముందు పెడితే తెర మీద పెద్ద అక్షరాలు పడేవి. బాయిలరు ఫిట్టర్లు రావాలి, జీపు గేటు దగ్గర ఉంది, అని. పిలుపు వచ్చినవాళ్లు తిట్టుకుంటూ లేచేవాళ్లు. మిగతావాళ్లు ఈలలు వేసేవాళ్లు.

మా పక్క క్వార్టరు ఆమె కృష్ణా జిల్లా నుంచి వచ్చిన, లేతు మిషను మీద పనిచేసే టర్నరు భార్య. మేము కాలనీకి వచ్చిన కొత్తలోనే ఆమె నాకు ఒక మాట చెప్పింది. "మగవాళ్లని పిలిస్తే పనికి వదినా. ఆడమనిషిని పిలిస్తే మాత్రం మంచిది కాదు. ఒకసారి ఒకామెని అలాగే పిలిచారు. ఆమె మళ్లీ కాలనీలో ఉండలేదు." అంతకుమించి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆ ఆదివారం హాస్యం సినిమా. మా ఆయనకు హాస్యం అంటే ప్రాణం. కానీ ఆ వారం మధ్యాహ్నం షిఫ్టు పడింది. టిఫిన్ డబ్బా సైకిలుకు తగిలించుకుంటూ మొహం ముడుచుకున్నాడు.

"నువ్వు చూసి నాకు చెప్పు."

"చెప్తె నవ్వొస్తదా నీకు?"

"నువ్వు చెప్తె రాదు. ఏడుపొస్తది. అయినా చెప్పు."

ఇంటికి ఒక్కటే పాసు. అదీ తాళంచెవీ బొడ్లో దోపుకుని నేను పోయాను.

హాలు మెట్లు ఎక్కుతుండగానే ప్లాంటు వైపు నుంచి ఆవిరి మోత మొదలైంది. బాయిలరులో ఒత్తిడి ఎక్కువైతే సేఫ్టీ వాల్వు లేస్తుంది. ఆ మోతకు కాలనీ కాకులన్నీ పైకి లేచాయి. కొత్తలో నేను హడలిపోయేదాన్ని. ఆ రోజు మాత్రం అందరితో పాటు లోపలికి పోయి కూర్చున్నాను. కాసేపటికి మోత ఆగింది. సినిమా మొదలైంది. వెంటనే ఫిట్టర్లకు పిలుపు పడింది. కుడి పక్క నుంచి నలుగురైదుగురు లేచి పోయారు. ఎవరికీ పట్టలేదు.

సినిమాలో ఒకడు చీర కట్టుకుని అత్తగారి వంటింట్లో దాక్కుంటాడు. మామ వచ్చి ఆ వంట తిని, ఈ వంటమనిషిని వదలద్దు అంటాడు. హాలంతా పడీపడీ నవ్వుతున్నారు. నేనూ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతున్నాను. అప్పుడే బొమ్మ ఆగింది. తెర మీద అక్షరాలు పడ్డాయి.

నాకు అప్పటికి అక్షరం ముక్క రాదు. మనవరాలు బడికి పోయే వయసులో నేనూ రాత్రి బడికి పోయి నేర్చుకున్నాను. ఆ రోజు నాకు అవి తెల్లటి గీతలే. ఈలలు ఎప్పుడు మొదలవుతాయా అని చూస్తున్నాను. ఈల పడలేదు. నవ్వులు ఆగిపోయాయి. పక్కనున్న టర్నరు భార్య నా చెయ్యి పట్టుకుంది.

"వదినా, అది మీ క్వార్టరు నంబరు."

"ఏమని రాసిండ్రు?"

"మీ ఇంటామెని గేటు దగ్గరికి రమ్మన్నారు." తనూ లేవబోతూ, "నేనూ వస్తాను పద" అంది.

వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో నాకు తెలియదు. లేచాను. నేను నడుస్తుంటే ఆడవాళ్లు కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చారు. ఒక ముసలామె నా వీపు మీద చెయ్యి వేసింది. అదే నన్ను చంపింది. ఆ మోత విన్నప్పుడే నేను ప్లాంటు గేటుకు పరుగెత్తి ఉండాల్సింది అనుకున్నాను. మా అత్తకు ఎవరు చెప్పాలి అనుకున్నాను. తండాకు బస్సు పొద్దున దాకా లేదు అని కూడా అనుకున్నాను. మనసు అలాంటిది.

హాలు గేటు దగ్గర వాచ్‌మన్ నిలబడి ఉన్నాడు. అతని పక్కన సైకిలు పట్టుకుని, తలనుంచి కాలిదాకా బూడిదతో మా ఆయన.

"వచ్చినవా? ఆ పాసు తే జల్దీ. సగం సినిమా అయిపోయినట్టుంది" అన్నాడు.

నేను కదలలేదు.

వాచ్‌మన్ నా వైపు చూసి, "చూడక్కా, మొహం కనవడ్తలేదు, పాసు లేదు, లోపలికి పోతా అంటడు. ఈయన మీ ఆయనేనా?" అన్నాడు.

"కాదు" అన్నాను.

"ఏందే గట్లంటవ్!" అన్నాడు మా ఆయన.

అప్పుడు తిట్టాను. మొదట మా తండా భాషలో. తర్వాత వాచ్‌మన్‌కు కూడా అర్థం కావాలని తెలుగులో. "తెర మీద నన్ను పిలుస్తవా? నా ప్రాణం పోయింది తెలుసా? లోపల ఆడోళ్లందరు నాకు బొట్టు లేనట్టు చూసిండ్రు!"

అతను నిజంగా బిత్తరపోయాడు. "వాల్వు లేచి యూనిట్ ఆగింది. పని లేదు పోండ్రి అని ఫోర్‌మన్ ఇడిసిపెట్టిండు. ఇంటికి పోతె తాళం. ఈడికొస్తె ఈయన పోనియ్యడు. మిషను ఆయన్ని పిలవమంటె పిలిచిండు. పిలిస్తె తప్పేంది?"

అతని తప్పు ఏమీ లేదు. మా తండాలో వాగు అవతల ఉన్నవాణ్ణి పిలవాలంటే ఇవతల నుంచి కేక పెడతాం. ఆ కేకను పొలంలో ఉన్నవాడు అందుకుని ముందుకు పంపుతాడు, పశువులు కాసేవాడు ఇంకా ముందుకు. గొడ్డలి కావాలన్నా కేకే, అన్నం తినడానికి రమ్మన్నా కేకే. అతనికి ఆ తెర కూడా ఒక కేక. కాలనీలో ఆడమనిషిని పిలిస్తే దానికి వేరే అర్థం ఉందని అతనికి ఎవరూ చెప్పలేదు. నాకు తెలిసినా నేను చెప్పలేదు. అలాంటి మాట మొగుడితో ఎవరంటారు?

వాచ్‌మన్ ఇంక ఆపుకోలేక నవ్వాడు. "పోన్లే అక్కా, మనిషి మంచిగనే ఉన్నడు గద. ఇద్దరు పోండ్రి. కుర్చీల గూసోకు అన్నా, అంత బూడిదయితది."

మేము లోపలికి వచ్చేసరికి బొమ్మ నడుస్తోంది. అయినా తలలన్నీ వెనక్కి తిరిగాయి. నా వెనక బూడిద మనిషిని చూశారు. ముందు ఒకరు నవ్వారు, తర్వాత ఇద్దరు, ఆ తర్వాత హాలంతా. చీర కట్టుకున్నవాడికి కూడా అంత నవ్వలేదు. టర్నరు భార్య మాత్రం నవ్వలేదు. లేచి నిలబడి, దండం పెట్టి, మళ్లీ కూర్చుంది. "మీ ఆయన్ని రేపు మా ఇంటికి పంపించు వదినా, నాలుగు దులుపుతాను" అని గట్టిగా అంది.

అతనికి ఆడవాళ్ల పక్క చోటు లేదు. మగవాళ్ల పక్క ఎవరూ రానివ్వలేదు, బట్టలు పాడవుతాయని. వెనక గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. నేను నా కుర్చీ వదిలేసి పోయి అతని పక్కన చతికిలబడ్డాను. ఆ హాల్లో మొగుడూ పెళ్లాం పక్కపక్కన కూర్చోవడం ఎవరూ చూసి ఉండరు. చూడనీ అనుకున్నాను.

తెర మీద ఎవరి తల్లో ఏడుస్తోంది. ఎందుకో నాకు తెలియదు, మధ్యలో పోయాను కదా. అందరూ ముక్కులు ఎగబీలుస్తున్నారు. నాకు నవ్వు వచ్చింది. ఆపుదామంటే ఆగలేదు. మా ముందు వరసలో ఒకామె వెనక్కి తిరిగి, "ఏందమ్మా, నీకేం రాయి గుండెనా?" అంది. అవ్ అన్నాను. ఇంకా నవ్వాను. కళ్లలో నీళ్లు కారుతుంటే తుడుచుకున్నాను, మళ్లీ నవ్వాను.

నన్ను చూసి అతనూ మొదలుపెట్టాడు. అతను నవ్వితే ఒళ్లంతా కదులుతుంది. జుట్టులోంచి, చొక్కాలోంచి బూడిద రాలి నా కొత్త చీర మీద పడుతోంది. పడనిచ్చాను. అక్కడ ఒక్క మాట అనలేదు.

ఇంటికి పోయాక అన్నాను.