లెక్కలోకి రాని ఆదివారాలు

ఈస్టర్‌కు ముందు నలభై రోజులు మా ఇంట్లో ఎవరికి ఇష్టమైంది వాళ్లు మానేయాలి. ఆ ఏడు నేను చాయ్ మానేస్తున్నట్టు మట్టెవాడలోని మా సందు మొత్తానికీ వినిపించేలా ప్రకటించాను. నా దగ్గరుండి ఇంటర్ రెండో ఏడు చదువుతున్న మా అన్న కూతురు మాత్రం తనేం మానేస్తోందో చెప్పలేదు.

మూడు రోజులకే పిల్ల మారిపోయింది. పలకరిస్తే కసిరేది, అన్నం కెలికి లేచేది. ముందు పొగరనుకున్నాను, తర్వాత పాపం, చికెన్ మానేసిందనుకున్నాను. నలభై రోజుల లెక్కలో ఆదివారాలు రావు గనుక, ఆదివారం చర్చిలో పూజ నుంచి రాగానే చాయ్‌లో బిస్కెట్ ముంచుకుంటూ, నువ్వు మానేసింది నువ్వూ ఇవాళ తీసుకోవచ్చని ఉదారంగా సెలవిచ్చాను.

"నేను ఇడిసింది సిగరెట్ అత్తా" అంది. "ఇయ్యాల ఒక్కటి తాగితే సోమవారం నా చేతిల ఉండదు."

తిట్టేదాన్నే. నోట్లో బిస్కెట్ అడ్డమొచ్చింది. అది నా ఓర్పనుకుని మిగతాదీ చెప్పింది. నిరుడు హనుమకొండ హాస్టల్లో మార్కులు తగ్గిన రోజున నలుగురు కలిసి ఒకటి కాల్చారట. ఆకలి చచ్చిపోతుంది, లావెక్కమని సంబరపడ్డారట. తర్వాత మనిషికొకటీ చాలలేదు.

"మొగపిల్లగాండ్లు తాగితే టెన్షన్ అంటరు, మేం తాగితే క్యారెక్టర్ అంటరు. ఎవ్వరికి చెప్పుకుంటం?"

నేను పొగరనుకున్నదంతా పొగ మానడానికి పడుతున్న యాతన. సిగ్గేసి ఆదివారం చాయ్ నేనూ మానేశాను. సిగరెట్ వైపు మనసు లాగినప్పుడల్లా పిల్ల వచ్చి నా పక్కన కూర్చునేది. సోంపు నములుతూ ఏదో ఒకటి మాట్లాడుకుంటే పది నిమిషాల్లో ఆ లాగుడు తగ్గేది. తన ముందు సిగరెట్ తీయొద్దని కాలేజీ స్నేహితురాళ్లకు తనే చెప్పేసింది. నాకంత ధైర్యమెక్కడిది? ఆఫీసులో చాయ్ వచ్చే వేళకు ఫైళ్ల గదిలో దాక్కునేదాన్ని.

నాలుగో వారంలో, లెక్కల పరీక్ష అయిన సాయంత్రం, నేను వాసన పట్టేలోపే గుమ్మంలో ఆగి, ఒకటి తాగానని చెప్పింది. ఇన్ని రోజులూ నీళ్లపాలయ్యాయని ఏడ్చింది. ఓదార్చడానికి నా దగ్గర ఒక్క నిజమే ఉంది. ఆ వారం ఆఫీసులో నేను మూడు కప్పులు తాగాను. అది విని ఏడుపులోనే నవ్వింది. ఇద్దరం రేపటి నుంచి మళ్లీ మొదలుపెడదామన్నాను.

"రేపెందుకత్తా, గిప్పటి నుంచే" అని బ్యాగులోంచి లైటర్ తీసి నా చేతిలో పెట్టింది. పొగడాలనుకున్నాను గానీ, ఆ మాటలోనూ పొగ ఉందని ఊరుకున్నాను.

ఈస్టర్ నాడు నేను కప్పు మీద కప్పు తాగాను. నాకు గడువు తీరింది. ఆమెకు మర్నాటి నుంచే హనుమకొండలో కోచింగ్, పాత హాస్టల్ స్నేహితురాళ్లతో. మొదటి రోజు క్లాసు వదిలే వేళకు కోచింగ్ సెంటర్ గేటు దగ్గరికి రమ్మని అడిగింది. సగం రోజు సెలవు పెట్టి వెళ్లాను. నలుగురైదుగురు ఆడపిల్లలు పక్క సందులోకి మళ్లుతూ ఆమెను పిలిచారు. ఒక్క క్షణం ఆగింది. వాళ్లకు చెయ్యి ఊపి నా వైపు నడిచింది. ఆటో మట్టెవాడ చేరేదాకా నా చెయ్యి వదల్లేదు.