వాటం తీసేసిన నేల

డెబ్బైల చివర ఇల్లినాయ్‌లో, జింక్ కరిగించే ఫ్యాక్టరీ ఉన్న ఒక చిన్న ఊళ్లో కాపురం పెట్టాం. ఫ్యాక్టరీ పని కోసం ఎప్పుడో స్పెయిన్ ఉత్తర తీరం నుంచి వచ్చినవాళ్లకు అక్కడ ఒక సంఘం, ఆ సంఘానికి ఒక భోజనశాల ఉండేవి. మొదటి చలికాలంలో, ఇంకా కారు లేని రోజుల్లో, మంచులో నడిచిపోతున్న నన్నూ మా ఆవిడనీ సంఘం ప్రెసిడెంటు లోపలికి పిలిచి చిక్కుడు గింజల పులుసు పెట్టాడు. కొలిమి దగ్గర పనిచేసి రిటైరైన పెద్దాయన. అప్పటినుంచి ఆదివారం చర్చి కాగానే మా భోజనం అక్కడే.

కొన్నాళ్లకు సిటీ వాళ్లు వచ్చి, వంటగదీ హాలూ బాగుచేయకపోతే లైసెన్స్ ఇచ్చేది లేదన్నారు. పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు.

"ఫ్యాక్టరీ ఎలాగూ మూస్తారు, ఇంజనీర్. ఇది కూడా పోతే మావాళ్లు ఒకళ్లనొకళ్లు చావుల దగ్గర తప్ప చూసుకోరు."

ఊరికే డ్రాయింగులు గీసిస్తానన్నాను. ఆ మాట అన్నందుకు నామీద నాకే గౌరవం కలిగింది.

వాళ్లకో అలవాటుంది. ఆపిల్ పళ్లు పులియబెట్టిన సైడర్‌ని సీసా తల మీదికి ఎత్తి, తొడ దగ్గర వంచి పట్టుకున్న గ్లాసులోకి సన్నటి ధారగా పోస్తారు. అంత ఎత్తునుంచి పడితేనే నురగ. గుక్కెడే పోస్తారు. తాగినవాడు చివరి చుక్కలతో తన ఎంగిలి కడిగినట్టు గ్లాసు అంచు తడిపి నేలమీద పారబోసి, అదే గ్లాసు పక్కవాడికిస్తాడు. బల్లకి ఒకటే గ్లాసు.

నేను తాగుడు పాపమన్న ఇంట్లో పెరిగినవాణ్ణి. సీసాలు బయటికి రాగానే కోటు తొడుక్కుని లేచేవాణ్ణి. హాలు కొలతలు కూడా ఎవరూ లేని ఒక మంగళవారం పొద్దున తీసుకున్నాను. నేల నాలుగు వైపుల నుంచీ మధ్యకి వాలి ఉంది. పాత భవనం కదా, కుంగిందనుకున్నాను. మధ్యలో నేలకి బిగించి ఉన్న ఇనప జల్లెడని పనికిరానిదని రాసుకున్నాను. చిన్నప్పుడు మా ఇంట్లో గచ్చు చేసిన మేస్త్రీ, చెంబుతో నీళ్లు పోసి, అవి తూము దాకా పోయాకే వాటం కుదిరిందనేవాడు. పక్కనే నించుని చూసేవాణ్ణి. అయినా ఆ పొద్దున నాకు ఆ చెంబు గుర్తు రాలేదు.

నర్సుగా పనిచేసే మా ఆవిడకి ఆ సంగతి తట్టింది. డ్రాయింగు చూసి అడిగింది:

"ఏమండీ, వాళ్లు కింద పారబోస్తారు కదా, అదంతా ఎటు పోద్ది?"

"తాగేవాళ్ల సంగతి నీకెందుకు? టైల్స్ మీద మాప్ చేసుకుంటారు."

"ఎవరు చేస్తారు? మీరా?"

నేను పెన్సిల్ చెక్కుకుంటూ కూర్చున్నాను.

కాంక్రీటు పోయించి నేల చదును చేయించాను. నున్నటి టైల్స్ వేయించాను. హీటింగ్ ఖర్చు తగ్గుతుందని సీలింగ్ రెండడుగులు దింపించాను. లైసెన్స్ వచ్చింది.

తెరిచిన ఆదివారం, మొదటిసారి కోటు తొడుక్కోకుండా కూర్చున్నాను, మెచ్చుకుంటారని. పెద్దాయన సీసా ఎత్తాడు. సీసా అడుగు సీలింగ్ పలకని పొడిచి, తెల్లటి పొడి ఆయన నెత్తిన రాలింది.

"ఇంజనీర్ మనందర్నీ పొట్టివాళ్లని చేసేశాడ్రోయ్!" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు.

పెద్దాయన మోచెయ్యి వంచి పోశాడు. నురగ రాలేదు. పారబోసినదంతా కుర్చీల కిందికి పాకింది. వంటావిడ మాప్ తెచ్చింది.

ఆయన నా పక్కకొచ్చి మెల్లిగా అన్నాడు. "చాలా శుభ్రంగా ఉంది. ఇక్కడే ఆపరేషన్ చేయించుకోవచ్చు. మరి ఆ జల్లెడ ఏమైంది?"

"సిటీ రూల్. నేల చదునుగా ఉండాలి. సీలింగూ అంతే."

అలాంటి రూల్ ఏదీ లేదు. జల్లెడా, దాని అడుగున తూమూ టైల్స్ కిందే ఉన్నాయి. మూడు రోజుల్లో తెరవొచ్చు, వాటం మళ్లీ తేవచ్చు. దానికి నేను తప్పు చేశానని చెప్పాలి, అంతే.

"రూల్ అయితే నువ్వు మాత్రం ఏం చేస్తావులే," అని ఆయన నా భుజం తట్టాడు.

కారులో మా ఆవిడ, "నిజంగా రూల్ ఉందా?" అంది.

"నన్ను డ్రైవ్ చేయనీ," అన్నాను.

జారిపడతారన్న భయంతో, సైడర్ సింకు దగ్గరే పోసుకోవాలని బోర్డు పెట్టారు. అక్షరాలు నేనే రాసిచ్చాను. తర్వాత ఎవరి గ్లాసు వాళ్లదైంది. గ్లాసు తనదాకా రావాలని ఎదురుచూసే పని లేకపోయాక, కూర్చుని ఉండాల్సిన పనీ లేకపోయింది. తినేసి లేచిపోయేవారు. తర్వాత తినడానికీ రాలేదు. ఫ్యాక్టరీ పోయినా మిగలాలని వాళ్లు బాగుచేయించుకున్న హాలు, ఫ్యాక్టరీ కంటే ముందే ఖాళీ అయింది.

మూసేయడానికి పెట్టిన మీటింగుకి తొమ్మిది మంది వచ్చారు. ఒకాయన నావైపు వేలు చూపించి, "ఆ సీలింగ్ దింపిన రోజే ఇది చచ్చింది," అన్నాడు.

పెద్దాయన లేచాడు. "అతన్నేం అనకు. మనకి ఊరికే చేసిపెట్టాడు. అది సిటీ రూల్. కావాలంటే అడుగు," అని నావైపు తిరిగాడు.

నేను అవునన్నట్టు తల ఊపాను.

ఆయన రెండేళ్లకి పోయాడు, ఆ మాట నమ్మే పోయాడు. ఆ మీటింగు నుంచి ఇంటికి వస్తుంటే మా ఆవిడ కారులో ఏమీ అడగలేదు. ఆ తర్వాత కూడా అడగలేదు.