బ్రెక్కె వారి తుపాకీ

మా బావకి ఇంటిపేరు తెలియనిదే జ్వరం కనపడదు. నేను కల్పించి చెప్పడం లేదు. మా అక్క సుమతి మొగుడు, డాక్టర్ రాధాకృష్ణ, మినెసోటాలో ఒక చిన్న ఊరికి ఉన్న ఒకే ఒక్క వైద్యుడు. నేను ఆయన క్లినిక్‌లో ఎక్స్‌రేలు తీసేవాణ్ణి. ఒళ్లు కాలిపోతూ వచ్చిన మనిషి నాలుక కింద థర్మామీటర్ పెట్టి, అది తీయకుండానే "మీ ఇంటిపేరు ఎక్కణ్ణించి వచ్చిందండీ?" అని అడిగేవాడు. ఆ మనిషి నోట్లో గాజు గొట్టంతో ఏదో గొణిగితే, "తాతగారి పేరు సరిగ్గా వినపడలేదు" అనేవాడు.

ఒకసారి జాన్సన్ అనే ఆయన వేలు తెగి, చేతికి తువ్వాలు చుట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. బావ సూదిలోకి దారం ఎక్కిస్తూ మొదలుపెట్టాడు.

"జాన్సన్ అంటే జాన్ కొడుకనేగా. ఏ జాన్?"

"తెలీదు డాక్టర్. బ్లడ్ పోతోంది."

"పోతే కొత్తది ఊరుతుంది. ఆ జాన్ గారు మళ్లీ రారుగా. ఎవరాయన?"

కుట్లు పూర్తయ్యేసరికి జాన్సన్ గారు వాళ్ల ముత్తాత ఓడ దిగిన రేవు దాకా వచ్చారు. సూది ఎప్పుడు గుచ్చుకుందో ఆయనకి తెలియనే లేదు.

"మీకు వైద్యమెందుకండీ, పెళ్లిళ్ల పేరయ్యగా స్థిరపడాల్సింది" అని మా అక్క సాధించేది.

ఆ చుట్టుపక్కల సగానికి సగం మంది పెద్దలు నార్వే నుంచి వచ్చినవాళ్లు. నార్వేలో ఇంటిపేరంటే వాళ్లు బతికిన పొలం పేరేనని చర్చి పాస్టర్ గారు ఒకరోజు మాటవరసకి అన్నాడు. బావకి ఆ పూట అన్నం సహించలేదు.

"మోహన్, వీళ్లూ మనలాగేరా. ఊరి పేరే ఇంటిపేరు. చలికి తెల్లబడ్డారుగానీ మనవాళ్లే."

"అయితే మనకేంటి బావా?"

"ఏంటంటావేంటి? పొలం పేరు మోస్తూ, ఆ పొలం ఎక్కడుందో తెలీకుండా తిరుగుతున్నారు. ఎవరో ఒకరు వెతికిపెట్టాలా వద్దా?"

అది మొదలు దగ్గుకొచ్చినవాడికీ నడుంనొప్పికొచ్చినవాడికీ ఒకటే మాట, మీ పొలం వెతుకుదాం రండి అని. కంటి పరీక్ష చార్ట్ తీసేసి, ఆ మేకుకి నార్వే మ్యాప్ తగిలించాడు. చూపు ఆననివాళ్లు ఆ మ్యాప్‌లో ఊళ్ల పేర్లు చదవాల్సి వచ్చేది. అవి చూపు బాగున్నవాళ్లకే నోరు తిరగని పేర్లు.

అయినా అవి నవ్వుకునే రోజులు కావు. ఎనభై అయిదో సంవత్సరం. మొక్కజొన్న ధర పడిపోయింది, భూమి ధర పడిపోయింది, బ్యాంకులు పొలాలు లాక్కుంటున్నాయి. ఏ వారం చూసినా ఎవరో ఒకరి వాకిట్లో వేలంపాట. ఆ శరత్కాలంలో మేం మందిచ్చిన మనుషులే ఇద్దరు తమ తుపాకీతో తామే కాల్చుకుని పోయారు. ఒకాయన కొట్టంలో, ఒకాయన పికప్‌లో. ఆ రెండో ఆయన భుజానికి అంతకు ముందు నెలే నేను ఎక్స్‌రే తీశాను. ఎముక చక్కగా ఉంది.

ఆర్నె బ్రెక్కె గారి పొలం నవంబర్‌లో పోయింది. అరవై దాటిన మనిషి. భార్య పోయింది, పిల్లల్లేరు. వేలానికి బావా నేనూ వెళ్లాం. ఆయన ట్రాక్టర్‌ని పక్క ఊరివాడు పాడుకుంటే, మొండికేసే గేర్‌ని ఎలా వెయ్యాలో ఆర్నె గారే దగ్గరుండి చూపించి పంపించాడు.

"ఎలా ఉన్నారు ఆర్నె గారూ?" అని బావ అడిగాడు. ఇంగ్లీషులో కూడా అందర్నీ గారూ అనే పిలిచేవాడు.

"పరవాలేదు."

ఆర్నె గారికి వచ్చిన మాట అదొక్కటే. కాలు విరిగినప్పుడూ పరవాలేదు, భార్యని పూడ్చి వచ్చిన రోజూ పరవాలేదు. ఆయన నోట్లోంచి రెండో మాట రావాలంటే పళ్లు పీకే పటకారు కావాలి.

పొలం పోయాక ఆయన ఊళ్లో ఒక సామాన్ల కొట్టు మీద గదిలో అద్దెకి దిగాడు. కొన్నాళ్లకి బీపీ చూపించుకోవడానికి వచ్చాడు. బావ పట్టీ చుట్టకుండానే వంశంలోకి దిగాడు.

"మీ నాన్నగారు ఎలా పోయారు?"

"తుపాకీ క్లీన్ చేస్తుంటే పేలింది."

"ఆయన అన్నగారు?"

"ఆయనా క్లీన్ చేస్తుంటేనే."

బావ కలానికి మూత పెట్టేశాడు.

"బ్రెక్కె వాళ్లకి శుభ్రం ఎక్కువ డాక్టర్" అన్నాడు ఆర్నె గారు. అది హాస్యమో కాదో నాకిప్పటికీ తెలియదు.

"మీ తుపాకీ ఎక్కడుంది?"

"మంచం కింద."

బావ నుదురు రుద్దుకున్నాడు. "ఆర్నె గారూ, మనం మీ బ్రెక్కె పొలం వెతుకుతున్నాం. అయితే మా శాస్త్రంలో ఒక రూల్ ఉంది. పెద్దల్ని వెతికేవాడి ఇంట్లో ఆయుధం ఉండకూడదు. పొలం దొరికేదాకా దాన్ని మా ఇంట్లో పెట్టండి."

ఆర్నె గారు నావైపు చూశాడు. నేను ఒక ఎక్స్‌రే ఫిల్మ్‌ని దీపానికి ఎత్తి పట్టుకుని దీక్షగా చూశాను. ఆ ఫిల్మ్‌లో ఏమీ లేదు.

సాయంత్రం ఆయన తుపాకీని దుప్పట్లో చుట్టి తెచ్చిచ్చాడు. బావ దాన్ని మా అక్క ఆవకాయ జాడీలు పెట్టుకునే అల్మరాలో పెట్టి, తాళం వేసి, చెవిని మొలతాడుకి కట్టుకున్నాడు.

"నా ఊరగాయల్లో తుపాకీ ఏంటండీ?" అంది అక్క.

"చుట్టంలే. కొన్నాళ్లుండి పోతుంది."

నేను ఉండబట్టలేక అడిగాను. "అది ఏ శాస్త్రంలో ఉంది బావా?"

"నువ్వు చదవలేదులే."

"నువ్వు చదివావా?"

"రాస్తున్నాను."

ఇక ఆ శీతాకాలమంతా వెతుకులాటే. మనకి జిల్లాకి పది కొత్తపల్లిలున్నట్టు నార్వేలో లోయకో బ్రెక్కె ఉంది. ఆర్నె గారి దగ్గరున్న ఆధారం ఒక్కటే. వాళ్ల తాత, మా ఇంటికి చలికాలమంతా ఎండ వచ్చేది కాదు, కొండ అడ్డం, అనేవాడట. బావ ఆ ముక్క పట్టుకుని రోజూ ఫోన్ చేసేవాడు.

"కొండ ఏ వైపునండీ?"

"తాతని అడగలేదు డాక్టర్."

"ఎందుకడగలేదు?"

"నాకప్పుడు నాలుగేళ్లు."

"నాలుగేళ్లకి మావాళ్లు గోత్రం చెప్తారు. సరే, రేపటికి ఇంకేదైనా గుర్తుతెచ్చుకోండి. మీవాళ్లు తరతరాల ఆసాములు, ఊరికే పోతారా?"

ఒకరోజు ఆర్నె గారు ఫోన్ ఎత్తలేదు. బావ రోగిని బల్ల మీద అలాగే వదిలేసి, కోటు కూడా వేసుకోకుండా మంచులో కారెక్కాడు. తలుపు దబదబా బాదితే ఆర్నె గారు తువ్వాలు కట్టుకుని, ఒళ్లంతా సబ్బునురగతో వచ్చి తీశాడట. బావ రొప్పుతూ, "కొండ సంగతేమైనా గుర్తొచ్చిందా?" అన్నాడట.

వసంతంలో పాస్టర్ గారికి తెలిసినవాళ్ల ద్వారా కబురొచ్చింది. సోగ్న్ అనే చోట, కొండ కింద, చలికాలమంతా ఎండ పడని బ్రెక్కె ఒకటుందట. జూన్‌లో ఇండియాలో పెళ్లికి వెళ్తూ దారిలో చూసి వెళ్దామన్నాడు బావ. నార్వే ఏ పెళ్లికి దారో నేను అడగలేదు. ఆర్నె గారు తన పికప్ అమ్మి టికెట్ కొనుక్కున్నాడు. కెమెరా మొయ్యడానికి నేను.

దాయాదుల ఇంటికి ఉత్తచేతులతో పోకూడదని బావ కొబ్బరికాయ, అరటిపళ్లు, ఒక నేత చీర పట్టుకొచ్చాడు. ఆ పొలం యజమానురాలు పెద్దావిడ, ఇంగ్లీషు వచ్చు. బావ ఆర్నె గారిని ముందుకు నెట్టి, "వీరు మీ దాయాది. ఒకే ఇంటిపేరు, ఒకే రక్తం. వరసకి మీకు తమ్ముడవుతారు" అన్నాడు.

ఆవిడ చీరనీ ఆర్నె గారినీ మార్చి మార్చి చూసింది.

"రక్తం కాదండీ. ఇక్కడ పేరు మనిషిది కాదు, నేలది. ఈ నేల మీద ఎవరుంటే వాళ్లు బ్రెక్కె. వీళ్ల తాత మావాళ్ల దగ్గర పాలేరు."

బావ చేతిలో కొబ్బరికాయ అలాగే ఉండిపోయింది. మన లెక్కలో ఇంటిపేరు ఒకటైతే వంశం ఒకటే. లోకమంతా అంతేననుకున్నాడు. ఆసాములని ఊరించి ఊరించి, సర్వం పోగొట్టుకున్న మనిషిని సముద్రం దాటించి తీసుకొచ్చి, మీది పాలేరు వంశమని చెప్పించాడు. నాకు బావ మీద ఒళ్లు మండిపోయింది.

ఆవిడ మమ్మల్ని పైకి తీసుకెళ్లింది. ఆర్నె గారి తాత ఇల్లున్న చోట నాలుగు రాళ్ల పునాది, దాని నిండా దురదగొండి. జూన్ నెల మధ్యాహ్నానికే అక్కడ కొండ నీడ పడింది. ఒకే చలికాలంలో ఆ ఇంట్లో ఇద్దరు పిల్లలు పోయారట. మరుసటేడు మావాళ్లకి ఆ జాగా కావాల్సొచ్చి ఖాళీ చేయించారు అని ఆవిడ నేల చూస్తూ చెప్పి, మమ్మల్ని వదిలేసి దిగిపోయింది.

ఆర్నె గారు ఒక రాయి మీద కూర్చున్నాడు. బావ పక్కన నిలబడి అడిగాడు.

"పరవాలేదా ఆర్నె గారూ?"

"లేదు. అస్సలు బాగాలేదు డాక్టర్."

ఆ తర్వాత ఆయన ఆగలేదు. "బ్రెక్కె వాళ్లు ఎన్నడూ నేల పోగొట్టుకోలేదని మా నాన్న అనేవాడు. ఒక ఏడాది పంట పోతే, పొలం కూడా పోతుందన్న భయంతోనే ఆయన పోయాడు. నిజంగా పోగొట్టుకున్నవాణ్ణి మొట్టమొదట నేనే అనుకున్నాను. ఇంకా ఏ మొహం పెట్టుకుని బతకాలి అనుకున్నాను. మా తాతని ఇక్కణ్ణించి గెంటేశారు. పిల్లల్ని ఇక్కడే పాతిపెట్టి వచ్చాడు. అయినా నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని నవ్వించేవాడు." ఆగి, చేతులు చూసుకున్నాడు. "ఆ రోజు మీరు తుపాకీ తీసుకోకపోతే ఆ వారంలోనే..."

"తెలుసు" అన్నాడు బావ.

కొబ్బరికాయని బావ ఆ పునాది రాయి మీదే కొట్టాడు. ముగ్గురం తలో కొబ్బరిముక్కా నములుతూ కొండ దిగాం. దారిలో బావ నా చెవిలో, "తప్పు చుట్టాల దగ్గరికి తీసుకొచ్చానురా" అన్నాడు. అప్పటికి నా మంట చల్లారిపోయింది. వెనకాల ఆర్నె గారు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. పటకారు అవసరం లేకుండా ఆయన అన్నేసి మాటలు అనడం అదే మొదలు.

అక్టోబర్ వచ్చింది. ఆర్నె గారికి స్కూల్ బస్సు నడిపే పని దొరికింది. ఒక శనివారం మా ఇంటికొచ్చి, "బాతుల వేట సీజన్ వచ్చింది. పొలం దొరికిందిగా డాక్టర్, నా తుపాకీ ఇచ్చెయ్యండి" అన్నాడు.

బావ మొలతాడు నుంచి తాళంచెవి విప్పి నాకిచ్చాడు. వెళ్లి అల్మరా తీశాను. జాడీల వెనకాల తుపాకీ ఒక్కటి కాదు, ఒక వరస ఉంది.

"బావా, వీటిలో బ్రెక్కె గారిది ఏది?"

బావ కుర్చీలోంచి లేవకుండానే చెప్పాడు. "చివరన ఉన్నది ఎల్‌స్టాద్ వారిది. దాని పక్కది స్కోగెన్ వారిది. గోనెగుడ్డ చుట్టింది మోయెన్ వారిది, దాన్ని కదపకు. ఆ పక్కది బ్రెక్కె వారిది."

ఎల్‌స్టాద్, స్కోగెన్, మోయెన్. ఆ ఏడాది పొలాలు పోయినవాళ్లు, నాన్నలు తుపాకులు శుభ్రం చేస్తూ పోయినవాళ్లు. వాళ్లందరి ఊళ్లూ బావ ఇంకా వెతుకుతూనే ఉన్నాడు. ఊరగాయల్లో తుపాకీ ఏంటన్న అక్కే జాడీలన్నీ ముందుకి సర్ది తుపాకులకి చోటిచ్చిందని కూడా అప్పుడే గమనించాను.

నేను తెచ్చిన తుపాకీని ఆర్నె గారు అందుకోబోతుంటే, బావ ఆయన మొహంలోకి ఒక నిమిషం చూసి, మధ్యలో చెయ్యి పెట్టాడు.

"ఒక్క సంగతి మర్చిపోయాను ఆర్నె గారూ. మా శాస్త్రంలో తండ్రి వైపు ఒక్కటే చాలదు. తల్లి వైపు కూడా చూడాలి. మీ అమ్మగారి ఇంటిపేరేంటి?"

ఆర్నె గారు తెరిచి ఉన్న అల్మరా వైపు చూశాడు. వరసలో ఉన్న తుపాకుల్ని, ఆ తుపాకులవాళ్లని ఎరిగిన మనిషి చూసినట్టు, ఒక్కొక్కటే చూశాడు. తర్వాత తన తుపాకీని తనే తీసుకెళ్లి వాటి మధ్య నిలబెట్టి, తాళం వేసి, చెవి బావ చేతిలో పెట్టాడు.

"మా అమ్మది స్వీడన్. అక్కడ పొలం పేర్లుండవు, వాళ్లని వెతకడం దండగ" అన్నాడు. "అయినా పరవాలేదు. బాతులు వచ్చే ఏడూ వస్తాయి."

గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"మీ శాస్త్రం చాలా పెద్దదల్లే ఉంది డాక్టర్."

"ఏంచేస్తాం" అన్నాడు బావ, చెవిని మళ్లీ మొలతాడుకి కట్టుకుంటూ. "పేషెంట్లు ఎక్కువయ్యారు."