ఆరో శనివారం

బడిలో ఉద్యోగం మానేశాక నేను ఆన్‌లైన్‌లో లైఫ్ కోచింగ్ నేర్చుకుని, తిరువూరులో మా ఇంటి మేడ మీది గదిలో రెండు కుర్చీలు వేసుకుని పని మొదలుపెట్టాను. ట్యూషన్ చెబుతానేమో అనుకుని పిల్లల్ని తీసుకొచ్చినవాళ్ళే ఎక్కువ. మీరు మార్చుకోవాలనుకున్న ఒక విషయం పట్టుకుని వారం వారం మాట్లాడుకుంటాం, ఎంతవరకు వచ్చామో చివర్న చూసుకుంటాం అని చెబితే, మర్యాదగా తలూపి వెళ్ళిపోయేవాళ్ళు.

వెళ్ళిపోకుండా కూర్చున్న ఒకావిడ నాకు బాగా గుర్తు. రెడ్డిగూడెం దగ్గర ఒక ఊళ్ళో ప్రభుత్వ బడిలో టీచరు. నలభై అయిదేళ్ళుంటాయి. ఆవిడకీ వాళ్ళక్కకీ మూడేళ్ళుగా మాటల్లేవు. తల్లి మంచాన పడితే అక్కే తన ఇంట్లో పెట్టుకుని చూసింది. పరీక్షల డ్యూటీ అయ్యాక వెళదామనుకుంది ఈవిడ. ఈలోగా తల్లి పోయింది. సమాధి చేసిన రోజు అక్క అందరి ముందూ, "ఇప్పుడెందుకొచ్చావు?" అని అడిగింది. అంతే, మళ్ళీ మాట్లాడుకోలేదు. అక్క ఉండేది గంపలగూడెంలో. తిరువూరులో షేర్ ఆటో ఎక్కితే ఎంతో దూరం కాదు. అక్కతో మళ్ళీ మాట్లాడాలన్నదే ఆవిడ కోరిక.

ఆరు శనివారాలు అనుకున్నాం. అయిదు వారాలు ప్రయత్నం, ఆరో వారం సమీక్ష. ఏం చేసిందీ, దానివల్ల ఏం తెలుసుకుందీ ఆవిడ నోటు పుస్తకంలో రాసుకొచ్చి చదివేది. నేను నా కాగితం మీద రాసుకునేదాన్ని.

రెండో వారం, ఫోన్ చెయ్యలేకపోయానంది. మూడో వారం చేశానంది. బాగున్నావా అంటే బాగున్నానందట అక్క. నాలుగో వారానికి అక్కే పిల్లల సంగతి అడిగిందట. అయిదో వారం చదువుతుంటే నేను కుర్చీలో ముందుకు జరిగాను. కిందటి శనివారం నా దగ్గర్నుంచి నేరుగా ఆటో ఎక్కి అక్క ఇంటికి వెళ్ళిందట, అక్కడే అన్నం తిన్నదట. ఆ సాయంత్రం, నాతో పాటు కోచింగ్ నేర్చుకున్నవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఈ సంగతి పేరా నిండా రాసి పెట్టాను. అందరూ అభినందించారు.

ఆరో శనివారం వాన. ఆవిడ తడిసిన గొడుగు మెట్ల మీద పెట్టి వచ్చి కూర్చుంది. నేను అయిదు కాగితాలూ బల్ల మీద వరసగా పరిచాను. సమీక్షలో మనం చెప్పకూడదు, వచ్చినవాళ్ళ చేతే చెప్పించాలి అని మాకు నేర్పారు. అందుకని అడిగాను.

"ఆ రోజు గుమ్మంలో మిమ్మల్ని చూడగానే మీ అక్కగారు ఏమన్నారండి?"

ఆవిడ పుస్తకంలో పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పింది. "ఏమీ అనలేదండి," అంది. పుస్తకం మూసేసి, "నేను వెళ్ళలేదు మేడమ్," అంది.

ఇంకో రోజెప్పుడో వెళ్ళిందేమో, తేదీ తప్పు రాసుకున్నానేమో అనుకున్నాను. తేదీ కాదు. వెళ్ళడమే లేదు. అంతకుముందు చెప్పిన ఫోన్లూ లేవు. అక్క ఏమంటే బాగుంటుందో అవే మాటలు శుక్రవారం రాత్రుళ్ళు కూర్చుని రాసుకుందట. ఎందుకలా చేశారని వీలైనంత మెల్లగా అడిగాను.

"ఫోన్ చెయ్యలేదని చెప్పినప్పుడు మీరు పర్లేదన్నారండి. కానీ పెన్నుకి మూత పెట్టేశారు. తర్వాతి వారం చేశానన్నాను. మీరు రాస్తూనే ఉన్నారు." ఆవిడ గొంతులో నిష్ఠూరమేమీ లేదు. "మిమ్మల్ని అనడం లేదు మేడమ్. నేనూ అంతే. జవాబు చెప్పని పిల్ల దగ్గర ఎక్కువసేపు నిలబడను."

నా ఎదురుగానే ఉంది రెండో వారం కాగితం. దాని మీద ఒకే ఒక్క వాక్యం ఉంది. మిగతాదంతా ఖాళీ.

లేవబోతూ ఆవిడ మళ్ళీ కూర్చుంది. ఒక్కసారి మాత్రం నిజంగానే అక్కకి ఫోన్ చేసిందట, మొన్న బుధవారం, స్టాఫ్ రూములో ఎవరూ లేనప్పుడు.

"హలో అంది. గొంతు అచ్చం మా అమ్మ గొంతులా ఉందండి. పెట్టేశాను."

అది పుస్తకంలో ఎందుకు రాయలేదన్నాను. అదొక పనిలా అనిపించలేదంది. అప్పటికే నాకు అంతకన్నా మంచివి చెప్పేసింది కదా. ఆ ఫోన్ గురించి ఇంకాసేపు అడగాల్సింది. అది వదిలేసి, ఇంకో ఆరు వారాలు చూద్దామా అన్నాను. ఆలోచిస్తానంది. ఆవిడ వెళ్ళాక సమీక్ష కాగితం మీద ఆ ఒక్క ఫోన్ సంగతే రాశాను. ఏం నేర్చుకున్నారు అన్న చోట ఏం రాయాలో తెలియక వదిలేశాను.

గ్రూపులో జరిగింది జరిగినట్టు పెట్టాను. ఇలాంటివి మామూలేనని, క్లయింట్లు ఒక్కోసారి వెనకడుగు వేస్తారని మాకు శిక్షణ ఇచ్చినాయన జవాబిచ్చారు. ఇంకెవరూ ఏమీ అనలేదు. ఆవిడ మళ్ళీ రాలేదు. ఆ తరవాత నా దగ్గరికి వచ్చినవాళ్ళు చేశామండీ అని సంతోషంగా చెబుతున్నప్పుడల్లా నమ్మాలో వద్దో నాకు తెలిసేది కాదు. ఏడాది తిరక్కుండానే ఆ పని మానేశాను.

మానేశాక ఒకసారి ఆవిడ బస్టాండులో కనిపించింది. తనే నా దగ్గరికొచ్చి, నేను అడక్కుండానే చెప్పింది.

"కిందటి నెల గంపలగూడెం వెళ్ళానండి. ఇంటికి తాళం ఉంది. అక్కావాళ్ళు ఖమ్మంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారంట. పక్కింటివాళ్ళు చెప్పారు."

ఇదన్నా నిజమేనా అని ఒక్క క్షణం అనుమానించాను. వెంటనే సిగ్గేసింది. నన్ను సంతోషపెట్టడానికి అల్లిన మాటే అయితే ఆ తలుపు తెరిచి ఉండేది.

"ఫోన్ నంబరు ఉందిగా," అన్నాను.

"ఉందండి," అంది.

అంతలో రెడ్డిగూడెం వైపు వెళ్ళే బస్సు వచ్చింది. జనం ఎక్కువగా ఉన్నారు. ఆవిడ వెనక తలుపులోంచి ఎక్కింది, సీటు దొరికిందో లేదో నాకు కనిపించలేదు.