శనివారపు మాత్ర

నిన్న మధ్యాహ్నం మైదుకూరులో మా బడి వెనక చేనులో ఎవరో పచ్చి శనగచెట్లు పీకి, ఎండుకంప మీద వేసి కాల్చారు. ఆ పొగ కిటికీలోంచి రెండో తరగతి గదిలోకి వచ్చింది. కమిలిన ఆకు వాసన, దాని వెనకే గింజ మాడిన తియ్యటి వాసన. నేను సుద్దముక్క పారేసి, బల్ల అంచు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, "మీకేమన్నా వాసన వస్తాందా?" అని పిల్లల్ని అడిగాను. ముప్పై గొంతులు ఒక్కసారే లేచాయి. "పచ్చిశనగలు కాలుస్తాండారు టీచర్!" అందరికీ వస్తోందంటే అది లోకంలో ఉన్న వాసన, నా ఒక్కదాని తలలో పుట్టింది కాదు. హమ్మయ్య అనుకోవాలి కదా? అనుకోలేదు. ఒళ్లు మండిపోయింది. పాఠం మధ్యలో ఆపేసి, బడి వదిలేదాకా వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉన్నాను.

ఎందుకో చెప్పాలంటే కోయిలకుంట్ల అవతల నల్లరేగడి చేలల్లో ఉన్న మా ఊరికి పోవాలి. గోడలకు నాపరాయి, నేలకు నాపరాయి, కప్పుకు నాపరాయి, చివరికి మేకల దొడ్డి చుట్టూ నిలబెట్టిందీ నాపరాయే అయిన ఊరు. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ బండలు కాలి, చెప్పుల్లేని మేము నీడ నుంచి నీడకు ఎగిరి దూకుతూ బోరింగు దాకా పోయేవాళ్లం, సాయంత్రం బిందెడు నీళ్లు చల్లితే బుస్సుమని ఆవిరి లేచి ఇల్లంతా తడిసిన రాతి వాసన కమ్మేది. మా నాయన గనిలో బండలు చీల్చేవాడు, ఇంటికొచ్చేసరికి కనుబొమలు కూడా తెల్లగా ఉండేవి. చలికాలం వస్తే శనగచేలే మా బడి, మా బజారు. పొద్దున్నే శనగాకు పులుపు దిగిన మంచు కాళ్లకు తగిలి, ఆ పులుపుకు పిక్కలు చురచురమని మండేవి, అయినా గోకుతూనే లోపలికి పోయి కాయలు వలిచి నాలుక పగిలేదాకా తినేవాళ్లం. కాల్చినవి తింటే మూతులు నల్లబడి, అద్దం లేకుండానే ఒకరి మొహం చూసి ఒకరు నవ్వేవాళ్లం. క్రిస్మసు ముందు మా క్రైస్తవుల వీధంతా సున్నం కొట్టుకుని, ఇంటింటా ఓళిగలకు శనగబేడలు ఉడికి, నిప్పట్ల నూనె కాగి, పిల్లలం ఏ ఇంట్లో ముందు వాయి దిగుతుందో ముక్కుతో కనిపెట్టి ఆ గడపలో వాలేవాళ్లం. నాకు, నాకంటే రెండేళ్లు పెద్దదైన ఎస్తేరక్కకు ఒకే తానులో గౌన్లు కుట్టించేది అమ్మ.

ఆరేళ్లప్పుడు, చలికాలంలోనే, తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే నాకు మొదటిసారి ఆ వాసన వచ్చింది. ఎక్కడా మంట లేదు, చేను లేదు. కాలిన శనగ, తడిసిన రాయి, రెండూ కలిసి. ఆ వెంటనే ఇదంతా ఇదివరకే జరిగిందని, ఇప్పుడు ఫలానా పిల్ల నవ్వుతుందని, కోడి అరుస్తుందని అన్నీ ముందే తెలిసినట్టు అనిపించి, కడుపులోంచి ఒక సంతోషం పైకి లేచింది. అబ్బా, ఆ సంతోషం! నా వెనకే ఎవరో నిలబడ్డారు, వాళ్లు నన్ను శానా ఇష్టపడుతున్నారు, తిరిగి చూస్తే కనబడతారు. తిరిగేలోపే ఏమీ లేదు. కళ్లు తెరిచేసరికి బండ మీద పడి ఉన్నాను, గౌను తడిసి ఉంది, ఎస్తేరక్క నా తల ఒళ్లో పెట్టుకుని ఉంది, మిగిలిన పిల్లలు గోడకు అతుక్కుని ఉన్నారు.

ఆ రోజు నుంచి నన్ను ఆటకు పిలిచేవాళ్లు లేరు. నాకు గ్లాసు వేరు పెట్టారు, నేను కూర్చున్న బండ మీద నీళ్లు పోసి గాని ఎవరూ కూర్చోలేదు. ఇనుము చేతిలో పెడితే ఫిట్సు దిగుతుందని మా వైపు అందరి నమ్మకం. అందుకని నాయన అరిగిపోయిన ఉలి ఒకటి ఇస్తే, ఎస్తేరక్క దాన్ని పలకతో పాటు సంచిలో వేసుకుని నా వెంటే తిరిగేది. ఒకసారి ఫిట్సులో ఆ ఉలి పట్టుకుని నేను చెయ్యి విసిరితే అక్క ముందు పన్ను సగం విరిగింది. బోరింగు దగ్గర జారిపడినానని అమ్మతో చెప్పింది. ఫిట్సు వచ్చినప్పుడు చేతిలో గానీ నోట్లో గానీ ఏమీ పెట్టవద్దు, పక్కకు తిప్పి దగ్గరే ఉండండి అంటారు డాక్టర్లు ఇప్పుడు. దగ్గరే ఉండడం మాత్రం అక్కకు ఎవరూ నేర్పకుండానే వచ్చింది.

నాకు ఎనిమిదేళ్లున్న ఒక ఆదివారం, చర్చిలో ప్రార్థన మధ్యలో పడిపోయాను. తర్వాత జరిగింది నాకు అందరూ చెప్పగా తెలిసిందే. ఆడవాళ్లు చాపలు లాక్కుని దూరం జరిగారట, ఎవరో దయ్యమన్నారట, ఇద్దరు మగవాళ్లు బయటికి మోసుకుపోవడానికి లేచారట. నా నోటి దగ్గర చెవి పెట్టి ఉన్న ఎస్తేరక్క తల ఎత్తి, "వానొస్తాదంట! యేసయ్య చెప్పినాడంట!" అని గట్టిగా అరిచిందట. బుధవారం వాన పడింది. అంతే, మా ఊరికి నేను దర్శనాల పాపనైపోయాను. మరుసటి వారం నుంచి చర్చి అరుగు మీద ఆడవాళ్లు కాచుకుని ఉండేవాళ్లు. గేదె చూలు నిలుస్తుందా, కోడలి కాన్పు ఎట్లుంటుంది, ఈసారి శనగ దిగుబడి ఉందా అని. ఒట్టి చేతులతో ఎవరూ వచ్చేవాళ్లు కాదు. బొరుగుండలు, కజ్జికాయలు, ఓళిగలు. గ్లాసు వేరు పెట్టిన ఇంటివాళ్లే తమ బిడ్డల్ని తెచ్చి నా పక్కన కూర్చోబెట్టారు. నాకేమో పడిపోయిన తర్వాతి సంగతి ఒక్క ముక్క తెలియదు, ఏం చెప్పానో అక్కే చెప్పేది, నేను తల ఊపేదాన్ని.

ఇక మా జేజి, నాయన తల్లి. తెల్లచీర, బొడ్డున ముక్కుపొడి డబ్బీ, చదువు రాకపోయినా చంకలో ఎప్పుడూ బైబిలు. కర్నూలు పెద్దాసుపత్రిలో రాసిచ్చిన మాత్రలు పూట తప్పకుండా మింగించే పని ఆమెదే. కానీ శనివారం మాత్రం మాత్ర తీసి మళ్లీ డబ్బాలో వేసేది. "రేపు ఆదివారం గదా పాపా. ఈ పొద్దు మాత్ర వద్దులే, దేవునికి అడ్డమొస్తాది." ఎస్తేరక్క ఒక్కతే పోట్లాడేది. "మింగనీ జేజీ, మింగనీ!" అని ఏడ్చి దెబ్బలు కూడా తినేది. నేను ఎవరి పక్క అనుకున్నారు? జేజి పక్కే! అరుగు మీద రాణిలాగా కూర్చోవడం నాకు ఇష్టం, ఆ వాసన ఇష్టం, ఆ సంతోషం మరీ ఇష్టం. ఆదివారాలు తప్ప మిగతా ఆరు రోజులు నాకు ఎందుకూ పనికిరానట్టే ఉండేవి.

జేజి పోయింది, మేము పెద్దవాళ్లమయ్యాము, ఎస్తేరక్క సిమెంటు లారీ నడిపే మనిషిని చేసుకుని ఎర్రగుంట్ల పోయింది. ఫిట్సు మాత్రం పోలేదు. మాత్రలు మారాయి, పెరిగాయి, నేను పొయ్యి మీద పడి మోచెయ్యి కాల్చుకున్నాను, రెండు బళ్లలో ఉద్యోగం పోయింది. చివరికి ముప్పై మూడో ఏట అక్కే నన్ను లాక్కుని దూరపు నగరంలో పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయింది. తల నిండా వైర్లు అంటించి, మాత్రలు తగ్గించి, కెమెరా కింద నాలుగు రోజులు పడుకోబెట్టారు. ఎడమ చెవికి పైన, మెదడు లోపలి మడతలో చిన్న మచ్చ ఉంది, అన్నీ అక్కడే మొదలవుతున్నాయి, దాన్ని తీసేయొచ్చు అన్నాడు డాక్టరు. పేర్లు తడబడవచ్చు, జ్ఞాపకం కొంత తగ్గవచ్చు, మనసు కొన్నాళ్లు కుదురుగా ఉండకపోవచ్చు అని ఏదీ దాచకుండా చెప్పాడు. "ఆ వాసన, ఆ సంతోషం గూడా పోతాయా సార్?" అని అడిగాను. "అవీ ఫిట్సేనమ్మా, చిన్నవి. పెద్దది అక్కడి నుంచే పాకుతుంది" అన్నాడు. నమ్మలేదు. ఆయనకు మా ఊరి ఆదివారాలు తెలియవు కదా అనుకుని సంతకం పెట్టాను.

ఆపరేషనయి పద్నాలుగు నెలలు. ఫిట్సు ఒక్కసారీ రాలేదు. ఇది చెప్పగానే అందరూ చేతులెత్తి దేవుడికి దండం పెడతారు, నాకేమో వాళ్లను అక్కడి నుంచి లేచి పొమ్మనాలనిపిస్తుంది. మొదటి నెల దవడ తెరుచుకోలేదు, చెంచా అనే మాట దొరక్క "అన్నం తీసేది, అన్నం తీసేది" అని అరిచి అక్క మీదికి పళ్లెం విసిరాను. టీవీలో సబ్బు ప్రకటన చూసి వెక్కి వెక్కి ఏడ్చాను. కూర్చుంటే లేవాలని, లేస్తే ఎక్కడికో పోవాలని, బస్టాండు దాకా నడిచి ఏ బస్సూ ఎక్కకుండా తిరిగి రావడం. హాజరు పిలుస్తూ ఒక పిల్ల పేరు దగ్గర ఆగిపోతే ఆ పిల్ల జాలిగా చూస్తుంది, ఆ జాలికి నాకు కోపం. ఇంతకుముందు చెప్పిన బాల్యంలోనూ సగం నాది కాదు. ఓళిగల వాసన, కాళ్ల మంట నావే గానీ, ఎవరి ఇల్లు, ఏ వీధి అన్నవి అక్క ఫోనులో అందించినవే. జబ్బుతో బతకడం అలవాటైన మనిషికి జబ్బు లేకుండా బతకడం నేర్చుకోవడానికి టైం పడుతుందని, మనసుకు కూడా ఒక మందు రాశాడు డాక్టరు. ఇవన్నీ భరించేదాన్నే. భరించలేనిది ఇంకొకటి. చర్చిలో కూర్చుంటే నా వెనక ఎవరూ లేరు. దేవుడు నాతో మాట్లాడే చోటును కోసి పారేశారని, దానికి నేనే సంతకం పెట్టానని లోపల ఒకటే రొద.

అందుకే జేజి చేసిన పనే నేనూ మొదలుపెట్టాను. ఫిట్సు మాత్రలు ఇంకా రెండేళ్లు తప్పనిసరిగా మింగాలన్నారు. నేను శనివారం మాత్ర మింగడం మానేశాను. ఆరు శనివారాలు. ఏడో శనివారానికి ఒక్క రోజు ముందు, అంటే నిన్న, ఆ శనగ పొగ వచ్చింది. దేవుడు మళ్లీ వచ్చాడు అనుకున్నాను. పిల్లలు పచ్చిశనగలన్నారు.

ఆ మంటతోనే ఇంటికి వస్తే, పొద్దున ఎర్రగుంట్ల నుంచి వచ్చిన ఎస్తేరక్క వారాల పేర్లు రాసిన మాత్రల అట్టలు చేతిలో పట్టుకుని గడపలోనే నిలబడి ఉంది.

"ఏందే రూతూ ఇది? శనివారం మాత్రలన్నీ అట్లే ఉండాయే?"

"మింగను. జేజి చెప్పింది నిజమే. నాకు దేవుని మాట మళ్లీ వినపడాల."

అక్క గడప మీదే కూర్చుంది. దాని మొహం చూసి ఎవరో పోయారనుకున్నాను. "ఆయన చెప్పలేదే. నువ్వూ చెప్పలేదు. అన్నీ నేనే చెప్పినా" అంది.

నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పింది. "నిన్ను దయ్యమని బయటేయబోయిరి. నాకు పదేండ్లు, ఏం చేయల్నో తెలీలే, నోటికొచ్చింది అరిచినా. వానదేముండాది, పొద్దున్నుంచి మబ్బు కమ్మే ఉన్నింది. మళ్లా ఆపుదామనుకుంటి. ఎట్ల ఆపల్ల? వాళ్లే బిడ్డల్ని తెచ్చి నీ పక్కన కూసోబెడ్తాండ్రి. జేజి మాత్ర ఆపుతాదని నేను కలగన్నానా? నా అబద్ధానికే నీకు అన్ని ఫిట్లు వచ్చె. ఆ మచ్చ నేను పెట్టిందేనేమో."

మచ్చ ఎక్కడి నుంచి వచ్చిందో డాక్టరు ఇద్దరికీ చెప్పాడు, చిన్ననాటి జ్వరం వల్ల కావచ్చని. అయినా ఇరవై ఐదేళ్లకు పైగా అది మోస్తున్నది ఇదా! నాకు జాలి రావాలి. రాలేదు. "ఇన్నేండ్లు నన్ను తల ఊపే బొమ్మను చేస్తివి గదే!" అని గిన్నెలన్నీ తొట్లో పడేసి తోమిన గిన్నెనే తోముతూ కూర్చున్నాను.

ఈ రోజు శనివారం. మా ఊరి గనిలో ఇప్పుడు నీళ్లు నిండి చుట్టూ కంప మొలిచింది. రాతి చర్చి పడగొట్టి రంగులేసిన సిమెంటు చర్చి కట్టారు, అరుగు లేదు, అరుగు మీద అడిగే ఆడవాళ్లలో బతికున్నది ఒకరిద్దరు. జేజి లేదు. ఆ వాసన లేదు, ఇక రాదు. నా వెనక నిలబడి నన్ను ఇష్టపడిన మనిషి ఎవరో నేను తిరిగి చూడనే లేదు. పొద్దున్నే లేచి ఇవన్నీ వరసగా అనుకుని, వంటింటి గడపలో నిలబడి అక్క చూస్తుండగానే మాత్ర మింగాను. అది జొన్నరొట్టె తడుతూనే ఉంది.

"నా నోటికాడ చెవి పెట్టి వింటాంటివి గదా. నిజంగా నేనేమన్నా అంటాంటినా, ఏమీ ల్యాదా?" అని అడిగాను.

రొట్టె పెనం మీద వేసి, తడిగుడ్డతో అద్ది, అప్పుడు నా వైపు తిరిగింది. "అంటాంటివి. అక్కా, అక్కా అని. నీ పక్కనే ఉండానే అని ఎన్నిసార్లు చెప్పినా నీకు వినపడేది కాదు, పిలుస్తానే ఉంటివి."