ఎడమ మలుపుల ఆదివారాలు

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టగానే నా పరికిణీ కాలం కబుర్లు చెబుతాననుకుంటారు. కాదు. నాకు కుర్రతనం బడి నుంచి రిటైరయ్యాక వచ్చింది. పరికిణీ వయసులో నేను ముసలమ్మలా బుద్ధిగా ఉండేదాన్ని (మా అమ్మ అదే ఊరంతా చెప్పుకుని మురిసిపోయేది). ఆ తర్వాత పెళ్ళి, పిల్ల, లెక్కల పాఠాలు. అల్లరి చెయ్యడానికి తీరిక దొరకలేదు. దాచుకున్న అల్లరంతా వడ్డీతో సహా నిరుడు చలికాలంలో బయటికి వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు మాత్రం నా గుండె రోజూ నోట్లోనే ఉండేది.

మావారిది నాంపల్లిలోనే పుట్టి పెరిగిన కుటుంబం. మాది బందరు వైపు. మా నాన్నగారు ఉద్యోగం మీద ఈ ఊరొచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన భాష ఆయనదే, నా భాష నాదే. పప్పులో పులుపు దగ్గర తప్ప పెద్దగా పేచీలు రాలేదు. మా ఇద్దరికీ కలిసిన సరదా ఒక్కటే. ఆదివారం పొద్దున్నే స్కూటరెక్కి, పని లేకుండా, తొందర లేకుండా తిరగడం. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగెయ్యడం, మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీమ్ తినడం, చీకటి పడకముందు ఇల్లు చేరడం. అలాంటిది, నిరుడు ఆయన మోకాలికి ఆపరేషన్ అయింది. వెనక కూర్చోవచ్చు గానీ నడపకూడదన్నాడు డాక్టరు. పాత స్కూటరు అమ్మేశారు. ఆ రోజు నుంచి మనిషి బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆటోలో వెళదామంటే మొహం చిట్లిస్తారు, అమ్మాయి కారు పంపిస్తానంటే వద్దంటారు. అడిగినదానికి తప్ప మాట లేదు. నాకు భయం వేసింది. మోకాలు బాగుపడి మనిషి పాడైపోతున్నాడే అని.

ఈ మాట మా ఆడపడుచుతో చెప్పుకుని ఏడ్చాను. ఆవిడకి బేగం బజార్‌లో గాజుల దుకాణం ఉంది. కాళ్ళ దగ్గర గాజుల పెట్టెలు పేర్చుకుని గేర్లు లేని స్కూటరు మీద ఆ ఇరుకు సందుల్లో ఆవిడ దూసుకుపోతుంటే ఎద్దులు కూడా పక్కకి జరుగుతాయి. ఆవిడ నా ఏడుపంతా విని, కళ్ళు తుడుచుకోమనలేదు. “అన్న ఎనక కూసోవచ్చన్నడు గద డాక్టరు. మరి ముంగట నువ్వు కూసో వదినా. నేను నేర్పిస్త, ఫికర్ జెయ్యకు” అంది. అంత తేలికైన మాట నాకెందుకు తట్టలేదో నాకిప్పటికీ తెలియదు.

నుమాయిష్ ఎగ్జిబిషన్ లేని రోజుల్లో ఖాళీగా పడుండే మైదానంలో నా శిక్షణ మొదలైంది. మావారికి మాత్రం యోగా క్లాసని చెప్పాను. మైదానం చుట్టూ తిరుగుతూనే ఉన్నాను, ఎడమవైపుకే తిరిగాను, ఎందుకంటే మొదటిరోజు అటు తిరిగితే పడలేదు. దేవుడికి ప్రదక్షిణమైతే కుడివైపుకి తిరగాలి. నాది శుద్ధ అప్రదక్షిణం. కుడివైపు తిప్పబోతే చేతులు కొయ్యబారిపోయేవి. పిల్లలకి కోణాలూ వృత్తాలూ నేర్పిన టీచర్నైన నేను, చివరికి నాకు నేనే సిద్ధాంతం చెప్పుకున్నాను: మూడు ఎడమలు కలిస్తే ఒక కుడి. మా ఆడపడుచు తల బాదుకుంది గానీ, లైసెన్సు ఇప్పించే దాకా నన్ను వదల్లేదు. (ఆ పరీక్షలో కుడి మలుపు ఎలా తిరిగానో అడక్కండి. కళ్ళు మూసుకున్నానని మాత్రం చెప్పగలను.)

అసలు పరీక్ష ఇంట్లో ఉంది. కొత్త స్కూటరు గుమ్మం ముందు పెట్టి, “పదండి, అబిడ్స్ వెళ్ళొద్దాం” అన్నాను. ఆయన స్కూటర్నీ నన్నూ మార్చి మార్చి చూసి, రానన్నారు. ఎందుకని అడిగితే ముందు మోకాలన్నారు, తర్వాత ఎండన్నారు, చివరికి అసలు విషయం బయటపడింది. ఆయన ఆఫీసులో పనిచేసి రిటైరైన ఒకాయన ఉన్నారు. పేరు అక్కర్లేదు, అందరూ రేడియో అంటారు. ఏ వార్త తెలిసినా సాయంత్రానికల్లా పెన్షనర్లందరికీ చేరవేస్తారు. ఆదివారం అబిడ్స్‌లో పుస్తకాల దగ్గరే ఉంటారు. “నిన్ను ముంగట వెట్టుకోని నేను ఎనక కూసున్నది రేడియో జూస్తె నా ఇజ్జత్ ఏం గావాలె?” అన్నారు మావారు. నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు నేను మీ వెనక కూర్చుంటే నా ఇజ్జత్ ఏమైందో చెప్పమన్నాను. ఆయన లోపలికి వెళ్ళి, చాలాసేపటికి, నల్లటి అద్దమున్న పెద్ద హెల్మెట్ తగిలించుకుని వచ్చారు. అద్దం కిందికి దించితే ఆయన్ని కన్నతల్లి కూడా గుర్తుపట్టదు.

అలా బయల్దేరాం. అబిడ్స్ దారిలో వచ్చే మార్కెట్ కుడివైపున్నా ఎడమవైపుకే తిప్పాను. “మార్కెట్ గీడుంటె గటు పోతవేంది?” అన్నారు వెనక నుంచి. ఊరు చూపిస్తున్నానన్నాను. నాంపల్లి స్టేషను ముందు నుంచి ఒకసారి, దాని వెనక సందుల్లోంచి ఒకసారి, ఎక్కడెక్కడో ఎడమలు తిరుగుతూ పోతుంటే, ఒక టీ కొట్టు ముందు మేము మూడోసారి కనబడేసరికి కొట్టు అతను లేచి నమస్కారం పెట్టాడు. ఎడమ మలుపులతో ఎక్కడికైనా వెళ్ళొచ్చు, కాకపోతే మధ్యమధ్యలో ఇంటికే తిరిగొస్తుంటాం. మావారు వెనక ఊరికే కూర్చోలేదు. నేను బ్రేకు వెయ్యాల్సిన చోటల్లా ఆయన కాలు ఫుట్‌రెస్టు మీద గట్టిగా తొక్కుతోంది. నేను ఎడమ ఇండికేటరు వేస్తే, పాత అలవాటు కొద్దీ ఆయన కుడిచెయ్యి బయటికి చాచి ఊపుతున్నారు. మా వెనక వస్తున్న బస్సు డ్రైవరు మేము ఎటు తిరుగుతామో తేల్చుకోలేక, మమ్మల్ని అలా చూస్తూ ఆగిపోయాడు.

అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వైపు పోతుంటే ఒకచోట రోడ్డు కాస్త వాలుగా ఉంటుంది. ఆ వాలు మామూలు జనానికి కనబడదు, చిన్న జీతంతో పెట్రోలు పొదుపు చేసినవాళ్ళకే కనబడుతుంది. మావారు స్కూటరు నడిపిన రోజుల్లో ఏ చిన్న దిగుడొచ్చినా ఇంజన్ ఆపేసేవారు. ఆ రోజు వెనక నుంచి, “దిగుడొచ్చింది, బంద్ జెయ్” అన్నారు. నడుపుతున్నది నేననీ, బండి వేరనీ, ఆలోచించే బుర్ర నాకూ ఉందనీ మరచిపోయి, తాళం తిప్పేశాను. అలవాటు చెడ్డది. బండి చప్పుడు లేకుండా హాయిగా జారి, సరిగ్గా సిగ్నల్ దగ్గర, నడిరోడ్డు మీద ఆగింది. పచ్చలైటు వెలిగింది. నేను తాళం మళ్ళీ తిప్పి బటన్ నొక్కుతున్నాను, బండి పలకదు. బ్రేకు పట్టుకుని నొక్కితేనే స్టార్టవుతుందని మా ఆడపడుచు చెప్పిన పాఠం పూర్తిగా ఎగిరిపోయింది. వెనక హారన్లు. ఆయన మెల్లగా దిగారు, నేను దిగాను, బండిని ఫుట్‌పాత్ పక్కకి నెట్టుకుపోయాం. అక్కడ, పుస్తకాల కుప్పకీ మాకూ మధ్య, చేతిసంచీతో రేడియో గారు నిలబడి ఉన్నారు.

ముందు నన్ను గుర్తుపట్టారు, నమస్తే టీచరమ్మా అన్నారు. తర్వాత నల్ల అద్దం వైపు అనుమానంగా చూశారు. ఇప్పుడు మావారు పలక్కుండా నిలబడితే, ఇంటికెళ్ళి మళ్ళీ ఆ కుర్చీలో కూర్చుంటారు. ఇక ఎప్పటికీ లేవరు. ఆ సంగతి నాకు ఎంత బాగా తెలుసో ఆయనకీ అంత బాగా తెలుసనుకుంటాను. ఆయన నెమ్మదిగా హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నారు. నెరిసిన జుట్టంతా చెమటకి అంటుకుపోయి ఉంది.

“ఏందన్నా, వదిన నడుపుతుంటె నువ్వు ఎనక కూసోని వచ్చినవా?” అన్నారు రేడియో గారు.

“ఔ” అన్నారు మావారు. “గిన్నేండ్లు రోడ్డు జూసిన. ఇగ జర ఊరు జూద్దామని.”

రేడియో గారు కాసేపు స్కూటరు చుట్టూ తిరిగి, మైలేజీ ఎంతిస్తుందని అడిగి వెళ్ళిపోయారు. నేను మాత్రం పుస్తకాల వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. అంత మంచి మాట పెళ్ళిచూపుల్లో కూడా ఆయన అనలేదు. సాయంత్రానికి పెన్షనర్లందరికీ వార్త చేరింది, చేరితే చేరింది. ఆ హెల్మెట్‌కి మర్నాడే నల్ల అద్దం తీయించి మామూలు అద్దం పెట్టించుకున్నారు.

ఇప్పుడు ప్రతి ఆదివారం వెళుతున్నాం. కుడి మలుపులు కూడా నేర్చుకున్నాను, కొంచెం. చిత్రమేమిటంటే, అంతకుముందు నేను వెనక కూర్చుని దారి పొడుగునా ఏదో ఒకటి చెబుతూనే ఉండేదాన్ని, గాలిలో వినబడదని గొంతు చించుకుని మరీ అరిచేదాన్ని. ఆయన ఊఁ అని కూడా అనేవారు కాదు. ఈయనకి నా మాటంటే లెక్క లేదని ఎన్ని రాత్రులు అలిగానో. ఇప్పుడు ఆయన వెనక నుంచి చెబుతున్నారు: గాడ జూడు, ఆ పాత మేడ కిటికీకి రంగేసిన్రు, గా సీతాఫలాలు ఎంత పెద్దగున్నయో జూడు. నేను గుంతలు చూసుకోవాలి, బస్సు చూసుకోవాలి, జవాబు చెప్పడానికి కుదరదు. కానీ ఒక్క మాట కూడా పోకుండా నాకు అన్నీ వినబడుతున్నాయి. అంటే ఆయనకీ అప్పట్లో అన్నీ వినబడేవన్నమాట. మరి నేను అంత గొంతు పెట్టి ఎందుకు అరిచానో!